అటెండర్ లేని వార్డు

భోజనాలయ్యాక మా వార్డులో ముందు చెంచాలు లెక్కపెడతాం. ఇచ్చినవన్నీ తిరిగి వచ్చేదాకా ఒక్కరు కూడా డైనింగ్ రూమ్ దాటకూడదు. ఒకటి తగ్గితే ట్రేలు, చెత్తబుట్ట, జేబులు అన్నీ వెతకాలి. చాలాసార్లు అది ఏ పెరుగు డబ్బాలోనో దొరుకుతుంది. గుంటూరులో మా వాళ్ళు నా ఉద్యోగం అనగానే గొలుసులు, అరుపులు, కరెంటు షాకులు ఊహించుకుంటారు. నా డ్యూటీలో ఎక్కువ భాగం ఇలాంటి లెక్కలతోనే గడుస్తుంది.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక పాత స్టేట్ హాస్పిటల్‌లో నర్సుని నేను. దాని పేరు రాయను. రోగుల వివరాల విషయంలో అక్కడి చట్టం చాలా గట్టిది. ఇక్కడ చెప్పే మనుషుల గుర్తులు కూడా కొన్ని మార్చాను. స్టేట్ హాస్పిటల్ అంటే రాష్ట్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆసుపత్రి, మనకి విశాఖ చినవాల్తేరులో ఉన్నటువంటిది. ఎర్ర ఇటుకల భవనాలు, వాటి మధ్య నాలుగు తరాల నాటి చెట్లు. సగం భవనాలకి ఇప్పుడు తాళాలే.

ఒకప్పుడు ఇవి కిక్కిరిసి ఉండేవి. 1955లో అమెరికా మొత్తం మీద ఇలాంటి ఆసుపత్రుల్లో దాదాపు 5,59,000 మంది ఉండేవారు. అంతకు ముందు ఏడాదే తీవ్రమైన మానసిక జబ్బుల్ని అదుపు చేసే క్లోర్‌ప్రోమజైన్ మందు అక్కడ వాడుకలోకి వచ్చింది. 1963లో కెన్నెడీ సంతకం పెట్టిన చట్టం, ఎవరి ఊళ్ళో వాళ్ళకే వైద్యం అందాలంది. 1965లో పేదల వైద్యం కోసం వచ్చిన మెడికెయిడ్ పథకం మానసిక ఆసుపత్రుల్లో ఉన్న 65 ఏళ్ళ లోపు వాళ్ళ ఖర్చు భరించనంది. దాంతో రాష్ట్రాలకి కూడా వీళ్ళని బయటికి పంపడమే లాభం అయింది. ఇప్పుడు దేశమంతా కలిపి ఈ ఆసుపత్రుల్లో 40 వేల పడకలు కూడా లేవు. పంపడంలో చూపిన తొందర ఊళ్ళల్లో ఏర్పాట్లు చెయ్యడంలో చూపలేదు. ఫిలడెల్ఫియా స్టేషన్ మెట్ల మీద తనలో తను మాట్లాడుకునే వాళ్ళని చూస్తే, వీళ్ళకి ఒకప్పుడు మంచమైనా ఉండేది కదా అనిపిస్తుంది. మళ్ళీ ఆ పాత వార్డుల ఫొటోలు చూస్తే ఆ మాట వెనక్కి తీసుకోవాలనీ అనిపిస్తుంది.

పనికి వస్తే, పొద్దున ఏడింటికి మొదటి షిఫ్టు, మూడింటికి రెండోది, రాత్రి పదకొండుకి మూడోది. తాళాల గుత్తి నడుముకి తగిలించుకుంటే మళ్ళీ గేటు దాటేదాకా అది ఒంటి మీదే ఉండాలి. పావుగంటకోసారి ఎవరో ఒకరు అట్ట పట్టుకుని వార్డంతా తిరిగి, ఎవరు ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో రాస్తారు. రాత్రి నిద్రపోతున్న వాళ్ళ విషయంలో దుప్పటి కదులుతోందో లేదో చూడాలి. ఊపిరి చూడాలన్న మాట. ఎవరైనా ప్రాణం తీసుకుంటారన్న భయం ఉంటే ఒక మనిషిని చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చోబెడతాం. బాత్రూమ్‌కి వెళ్ళినా వెంట వెళ్ళాలి. మందులిచ్చాక నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూడటం ఇంకో పని. మాత్ర బుగ్గన దాచుకోవడంలో కొందరిది గొప్ప నేర్పు!

స్కిజోఫ్రినియా అంటే లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు లాంటివి ఉండే జబ్బు. ఏ మందుకీ అది లొంగకపోతే క్లోజపిన్ ఇస్తారు. దానితో తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉంది. అందుకని మొదటి ఆరు నెలలు వారానికోసారి, తర్వాత ఆరు నెలలు రెండు వారాలకోసారి, ఆ పైన నెలకోసారి రక్తపరీక్ష. రిపోర్టు లేకపోతే ఫార్మసీ మాత్ర ఇచ్చేది కాదు. 2025లో ఆ పట్టు సడలించారు గానీ డాక్టర్లు పరీక్షలు రాస్తూనే ఉన్నారు. సూది చూస్తే పారిపోయే ఒక పెద్దాయన, రక్తం ఇచ్చిన రోజు అసలు కాఫీ ఇస్తానంటే ఠంచనుగా వచ్చి చెయ్యి చాపేవాడు. మా వార్డులో రోజూ ఇచ్చేది కెఫీన్ తీసేసిన కాఫీ. దాని మీద ఉన్నన్ని ఫిర్యాదులు ఇంక దేని మీదా లేవు.

మాలో మేం 302, 304 అని నంబర్లతో మాట్లాడుకుంటాం. 1976 నాటి పెన్సిల్వేనియా చట్టంలో 302 కింద మనిషిని ఇష్టం లేకపోయినా 120 గంటల దాకా ఆసుపత్రిలో ఉంచొచ్చు. 303 కింద 20 రోజులు, 304 కింద 90, 305 కింద 180. 302 తర్వాతి ప్రతి మెట్టుకీ విచారణ, రోగి తరఫున లాయరు తప్పనిసరి. ఒకసారి నేను ఫోన్‌లో "అతను ముందు 302 మీద వచ్చాడు" అంటుంటే, కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మా బాబాయి అదిరిపడ్డారు. "హంతకులకి కూడా నువ్వే మందులిస్తావా అమ్మాయ్?" ఆయనకి ఐపీసీ తప్ప ఇంకో 302 తెలీదు మరి.

నాకు అక్కడ ఇప్పటికీ అలవాటు కానిది విజిటర్స్ గది. కుర్చీలు, టేబుళ్ళు, బొమ్మలు అన్నీ ఉంటాయి. ఆదివారం కూడా సగం ఖాళీయే. గుంటూరు జీజీహెచ్ అయినా, ఇంకే పెద్దాసుపత్రి అయినా, మన దగ్గర మొదట అడిగేది "పేషెంటుతో ఎవరొచ్చారు?" అని. అమ్మ మంచం కింద చాప వేసుకుంటుంది. నాన్న క్యారియరూ ఫ్లాస్కూ పట్టుకుని బస్సు దిగుతాడు. మందు మింగించేది, స్నానానికి తీసుకెళ్ళేది, రాత్రి ఊపిరి చూసేది వాళ్ళే. మేం జీతం తీసుకుని అట్ట మీద రాసేదంతా అదే. మా వార్డులో ఒకాయన ఇంటికి పంపొచ్చని డాక్టర్లు రాసి చాలా కాలమైంది. గ్రూప్ హోమ్‌లో, అంటే ఇలాంటివాళ్ళు కొందరు కలిసి ఉండే ఇంట్లో, ఖాళీ రావాలి. తల్లి పోయింది, చెల్లెలు వేరే రాష్ట్రంలో ఉంటుంది, క్రిస్మస్‌కి కార్డు పంపుతుంది. ఆయన దాన్ని టేపు పెట్టి అతికించుకుంటాడు. పిన్ను ఇవ్వడానికి మాకు రూల్స్ ఒప్పుకోవు.

ఈ ఆసుపత్రుల చరిత్ర చదువుతుంటే మా ఊరే తగిలింది. ఫిలడెల్ఫియా పక్కన నోరిస్‌టౌన్ స్టేట్ హాస్పిటల్ ఉంది. 1880లో అది తెరిచినప్పుడు ఆడవాళ్ళ విభాగాన్ని ఆలిస్ బెన్నెట్ అనే మహిళా డాక్టరుకి అప్పగించారు. ఆ రోజుల్లో అది పెద్ద సాహసం. ఆమె రోగుల్ని కట్టేసే పద్ధతి మాన్పించి, చేతిపనులూ సంగీతం పెట్టించింది. ఆమె విభాగంలో పనిచేసిన కుర్ర డాక్టర్లలో ఒకావిడ అన్నా సారా కుగ్లర్. 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆడవాళ్ళకి ఆసుపత్రి తెరిచిన మన కుగ్లరమ్మే! కొత్తపేటలో ఆ ఆసుపత్రిలో పుట్టినవాళ్ళు మా వీధిలో ఇంటికొకరున్నారు, నాతో సహా. ఆమె పిచ్చాసుపత్రిలో పని నేర్చుకుని వచ్చిందంటే మా పిన్ని నమ్మలేదు. తర్వాత రోజుల్లో ఏలూరు రాజా భుజంగరావు గారు ఆ ఆసుపత్రి ఎదుట రోగుల బంధువులు ఉండటానికి వసతి గృహం కట్టించారు. అటెండర్ల కోసమన్న మాట. మా అమెరికా ఆసుపత్రికి అన్నీ కట్టారు గానీ, అలాంటిది కట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

అలాగని మనం గొప్ప, వాళ్ళకి ప్రేమల్లేవు అనే పాట నేను పాడను. అక్కడి పాత ఆసుపత్రుల శ్మశానాల్లో చాలాచోట్ల సమాధుల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. కారణాల్లో ఇంటి పరువు కూడా ఒకటి. మన పరువు ఇంకో దారి పట్టింది, అంతే. ఈసారి సెలవుకి బ్రాడీపేటలో పిన్ని ఇంట్లో దిగాక, ఆవిడకి తెలిసిన ఒకావిడ చీకటి పడ్డాక వచ్చింది. కొడుక్కి ఎవరో తిడుతున్నట్టు మాటలు వినిపిస్తున్నాయి. రెండేళ్ళుగా గది దాటడం లేదు. ఊళ్ళో మాత్రం గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడని చెప్పారు. తాయెత్తులు అయిపోయాయి.

"జీజీహెచ్‌లో సైకియాట్రీ ఓపీ ఉంది, పొద్దున్నే తీసుకెళ్ళండి అక్కా" అన్నాను.

"అమ్మో, అక్కడ అందరూ తెలిసినవాళ్ళే. కూతురికి సంబంధాలు చూస్తున్నాం. విజయవాడ తీసుకెళతాంలే."

విజయవాడలో ఉన్న నా స్నేహితురాలు వాళ్ళన్నయ్యని చూపించడానికి గుంటూరు తెస్తుంది. వారధి మీద ఈ రెండు కుటుంబాలూ ఎప్పుడో ఎదురుపడే ఉంటాయి. ఎక్కడైనా సరే చూపించండి అని, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కాగితం మీద రాసిచ్చాను. దానికైతే ఫోన్ చేస్తే చాలు, ఎవరి కంటా పడక్కర్లేదు.

విజయవాడే వెళ్ళారు. మందు మొదలుపెట్టారు. తల్లి రోజూ తన చేత్తో వేయించి, మింగాడో లేదో చూస్తోందట. నాలుక కింద కూడా చూడమన్నాను. పక్కింటివాళ్ళు అడిగితే బలానికి మాత్రలని చెబుతోంది. చెప్పుకోనీ, మానకుండా వేస్తే చాలు.