బోనాల పాటల చాటున గిటార్

ఆదివారం. పొద్దున్నే గల్లీ చివర మండపంలో బోనాల పాటలు మొదలయ్యాయి. ఆషాఢంలో మా పద్మారావు నగర్‌లో ఇది మామూలే. ఈ నెలంతా నా గిటార్ గురించి అపార్ట్‌మెంట్‌లో ఎవరూ నోరెత్తరు, ఎందుకంటే ఎవరికీ వినపడదు. అందుకే అత్తయ్య గుడికి వెళ్లగానే ట్యూబ్ యాంప్ (పాత రేడియోల్లోలాంటి గాజు వాల్వులతో గిటార్ సౌండ్‌ని పెంచే పెట్టె) ఆన్ చేసి, అది వేడెక్కేలోపు టీ పెట్టుకున్నా.

నాది 15 వాట్ల యాంప్. ముందు సిగ్నల్‌ని పెంచే 12ఏఎక్స్7 ట్యూబులు, వెనక స్పీకర్‌ని నడిపే పవర్ కోసం రెండు ఈఎల్84 ట్యూబులు. పదిహేనేనా అని తీసిపారెయ్యడానికి లేదు, 100 వాట్లకీ 50కీ మధ్య తేడా మూడు డెసిబెల్సే, చెవికి కాస్తే తెలుస్తుంది, ఈ 15 వాట్లు కూడా డ్రమ్స్ పక్కన నిలబడతాయి. ఇంట్లో వచ్చే చిక్కల్లా ఏమిటంటే, గెయిన్ (ముందు ట్యూబుల్ని ఎంత తోయాలో చెప్పే నాబ్) పదిలో పెట్టి మాస్టర్ (మొత్తం వాల్యూమ్) ఒకటిలో ఉంచితే ముందు ట్యూబులొక్కటే గొంతు చించుకుంటాయి, సౌండ్ సన్నటి రొదలా ఉంటుంది, తీగ మీద పిక్ పడ్డ దెబ్బ కూడా అందులో కలిసిపోతుంది. నాకు కావలసిన జీర రావాలంటే ఈఎల్84లు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్ కూడా కాస్త చెమటోడ్చాలి. మామూలు రోజుల్లో యాంప్‌కీ స్పీకర్‌కీ మధ్య అటెన్యుయేటర్ పెడతా, అది చాలా పవర్‌ని వేడిగా మార్చి మింగేస్తుంది. కానీ సౌండ్ మరీ తగ్గిస్తే స్పీకర్ కోన్ కదలదు, ఆ లోటు తెలుస్తూనే ఉంటుంది. ఇవాళ దాన్ని పక్కన పెట్టేశా.

మాస్టర్ ఆరుకి ఎక్కించి, గెయిన్ నాలుగుకి దించా. బాస్ (కింది స్వరాలు) మూడు, మిడ్స్ (మధ్య స్వరాలు) ఏడు. ఇంట్లో ఒక్కళ్లమే వాయించుకునేటప్పుడు మిడ్స్ తీసేసి బాస్ పెంచితే భలే ఉంటుంది, అదే సెట్టింగ్‌తో బ్యాండ్‌లోకి వెళ్తే బాస్ గిటార్ కింది స్వరాల్లో, డ్రమ్స్ తాళాలు (సింబల్స్) పై స్వరాల్లో సర్దుకుని మన గిటార్‌ని మాయం చేసేస్తాయి. మా జామ్‌కి (అందరం కలిసి వాయించుకోవడానికి) కొత్తగా వచ్చే కుర్రాడు ప్రతిసారీ ఇదే చేస్తాడు, వినపడట్లేదక్కా అని ఇంకా గెయిన్ పెంచుతాడు, ఇంకా ముద్దైపోతుంది. వాడికి చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

యాంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ అనే కాలితో నొక్కే పెడల్ పెట్టా, డ్రైవ్ సున్నా, లెవెల్ ఫుల్. ఆ పెడల్ ఇచ్చే డిస్టార్షన్ (సౌండ్‌ని చీల్చే జీర) నాకక్కర్లేదు, లోపల 720 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని అది పెద్దగా పెంచదు, అదీ కావలసింది. యాంప్‌లోకి బాస్ తక్కువగా వెళ్తే అన్నిటికంటే మందపాటి 'E' తీగని అరచేత్తో అదిమి కొట్టినప్పుడు ప్రతి దెబ్బా విడివిడిగా తెగుతుంది. గిటార్ వాల్యూమ్ పది నుంచి ఐదుకి తిప్పితే అదే సెట్టింగ్‌లో సౌండ్ దాదాపు క్లీన్ అయిపోతుంది, చిటికెన వేలితో చేసే పని అది. ఇంకోటి, యాంప్ నేల మీద ఉంటే స్పీకర్ సూటిగా మన కాళ్ల మీదికి వాయిస్తుంది, పదునంతా అటే పోతుంది. స్టూల్ మీదికెక్కించి చెవికి ఎదురుగా పెట్టాక ట్రెబుల్ రెండు గీతలు తగ్గించాల్సొచ్చింది.

ఇంతలో కింది ఫ్లాట్ అంకుల్ ప్రసాదం పట్టుకొచ్చారు. ఒకప్పుడు వాల్వ్ రేడియోలు రిపేర్ చేసేవారాయన. యాంప్ వెనక్కి వంగి చూసి, "ఈఎల్84లా అమ్మా! మన రేడియోల్లో ఇవే ఉండేవి, బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు కూడా చేసేవాళ్లు" అన్నారు. కాస్త వాయించమన్నారు, విన్నారు. "ఈ చప్పుడు పోగొట్టమనే జనం మాకు డబ్బులిచ్చేవాళ్లు, నువ్వు కొనుక్కున్నావా?" అన్నారు. 1964లో ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ కింక్స్ గిటారిస్ట్ డేవ్ డేవిస్ ఈ సౌండ్ కోసమే చిన్న యాంప్ స్పీకర్‌ని బ్లేడుతో చీల్చాడని చెప్తే ఆయన మొహం చూడాలి. వెళ్తూ వెళ్తూ, "స్పీకర్ వైరు పీకేసి మాత్రం వాయించకు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది" అన్నారు. అది నాకు తెలుసు, అయినా బుద్ధిగా తలూపా.

మధ్యాహ్నానికి మండపం వాళ్లు సౌండ్ ఇంకా పెంచారు, స్పీకర్లు బరబరమంటున్నాయి. అదీ డిస్టార్షనే, నాదీ డిస్టార్షనే, మరి అది చెవిలో ముల్లులా ఎందుకుంటుంది? వాళ్లవి ట్రాన్సిస్టర్ యాంపులు, హద్దు దాటగానే తరంగాన్ని కత్తిరించినట్టు తెగ్గోసేస్తాయి. ట్యూబు అంచుల్ని మెల్లగా అదుముతూ పోతుంది. పైగా నేను వక్రీకరించేది ఒక్క గిటార్‌ని, వాళ్లు పాట మొత్తాన్ని, గొంతూ డప్పూ కీబోర్డూ అన్నీ కలిపి. అంకుల్ కస్టమర్లు తిట్టింది కూడా అందుకే అయ్యుంటుంది.

అత్తయ్య వచ్చేసరికి ఆపేశా. వచ్చే వారం సైనిక్‌పురిలో జామ్, ఇవే నంబర్లు ఫోన్‌లో రాసి పెట్టుకున్నా, అక్కడ గది చిన్నది కాబట్టి బాస్ రెండుకి దించాలి. ఆ కుర్రాడి యాంప్ కూడా ముందు నేనే ముట్టుకుంటా.