ఆస్తమాతో ఆదిలాబాద్ చలికాలం: నేను పాటించే పద్ధతి

డిసెంబర్, జనవరిలో ఆదిలాబాద్‌లో తెల్లవారుజామున 6, 7 డిగ్రీలకు దిగే రోజులుంటాయి. ఆస్తమా పెట్టుకుని ఆ వేళకే బండి మీద డ్యూటీకి పోవాల్సినవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

చలికి దమ్ము పడుతుందంటారు గానీ, చలికి తోడు గాలిలో తడి లేకపోవడమే మనల్ని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. పొగమంచు కమ్మి ఉన్నా అంతే. 7 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు దాదాపు 8 గ్రాముల నీటి ఆవిరినే పట్టుకోగలదు. అదే గాలి ఊపిరితిత్తుల్లోకి చేరేసరికి 37 డిగ్రీలకు వేడెక్కి, దాదాపు 44 గ్రాముల ఆవిరితో ఉండాలి. ఆ తేడా మొత్తం మన ముక్కు, గొంతు, శ్వాసనాళాల తడిలోంచే పోతుంది. నింపాదిగా ముక్కుతో పీలిస్తే చాలావరకు ముక్కే సర్దుకుంటుంది. ఒంటికి శ్రమ పెరిగితే నోటితో పీలుస్తాం, అప్పుడు నాళాలు ఎండి బిగుసుకుంటాయి. ఆ బిగుతు చాలాసార్లు పని చేస్తున్నప్పుడు తెలియదు, ఆపిన 5, 10 నిమిషాలకు పిల్లికూతలతో బయటపడుతుంది. చలికి మొరాయించే బండిని ఆగకుండా కిక్కు కొట్టడం ఇలాంటి శ్రమే. చోక్ లాగి, సెల్ఫ్ ఉంటే సెల్ఫ్‌తోనే స్టార్ట్ చేస్తాను. కిక్కే గతి అయితే రెండు మూడు దెబ్బలకోసారి ఆగుతాను.

మూతికి ఉన్ని మఫ్లర్ ఒక్కటే చుడితే పోగుల సందుల్లోంచి గాలి కొడుతుంది. లోపల రెండు మడతల నూలు కర్చీఫ్, దానిపైన మఫ్లర్ కడతాను. వదిలే ఊపిరిలోని వేడీ తడీ ఆ గుడ్డలో నిలిచి, పీల్చేటప్పుడు మళ్లీ లోపలికే వస్తాయి. దీన్ని గడప దాటకముందే కట్టుకోవాలి. కాసేపటికి కర్చీఫ్ తడిసి చల్లబడుతుంది, అప్పుడు ఉపకారం పోయి మూతి మీద ఐసుముక్క పెట్టినట్టవుతుంది. అందుకే జేబులో పొడిది ఇంకొకటి ఉంటుంది. మఫ్లర్ కొసలు జాకెట్ లోపలికి దోపాల్సిందే, వేలాడితే చక్రంలో చిక్కుకుంటాయి.

పొగకు మాత్రం మఫ్లర్ పనికిరాదు. మూలమూలకూ చలిమంటలు, వాటిలో ఆకులతో పాటు పాత టైర్లు, ప్లాస్టిక్ కవర్లు. నేల దగ్గరి గాలి పైగాలి కంటే చల్లగా ఉండటంతో ఆ పొగ పైకి లేవదు, ఎండ ఎక్కేదాకా రోడ్డు మీదే పరుచుకుని ఉంటుంది. ఆ దారిన పోవాల్సి వస్తే ఎన్‌95 మాస్కు పెట్టుకుని, ముక్కు దగ్గర తీగ నొక్కి, పైన మఫ్లర్ కడతాను. తీగ సరిగా నొక్కకపోతే పక్కల నుంచి పొగ దూరుతుంది, ఊపిరి పైకి తన్ని హెల్మెట్ అద్దం మసకబారుతుంది. నడక, వ్యాయామం ఎండ ఎక్కాకే.

ఇక ఒంటి వెచ్చదనం. 7 డిగ్రీల చలిలో 40 కిలోమీటర్ల వేగంతో పోతే చర్మానికి తగిలేది దాదాపు 2 డిగ్రీల చలి. స్వెటర్ మీద స్వెటర్ వేసినా గాలి దూరిపోతుంది. బనియన్, దానిపై ఒక స్వెటర్, అన్నిటికంటే పైన గాలి చొరబడని విండ్‌చీటర్ చాలు. విండ్‌చీటర్ లేనివాళ్లు ఛాతీ మీద స్వెటర్ లోపల న్యూస్‌పేపర్ పరుచుకోవడం పాత పద్ధతే అయినా పనిచేస్తుంది. చెవులకు మంకీ టోపీ బాగుంటుంది గానీ మందపు టోపీ మీద హెల్మెట్ సరిగా కూర్చోదు, పల్చటిది తీసుకోవాలి.

డాక్టర్ సలహాతో రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను చలికాలంలో ఒక్క పూట కూడా మానను. వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. దమ్ము వచ్చినప్పుడు కొట్టే సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ను బండి డిక్కీలో పెట్టకూడదు. డబ్బా బాగా చల్లబడితే లోపలి ఒత్తిడి తగ్గి మందు సరిగా రాదు. చొక్కా జేబులో ఒంటికి ఆనుకుని ఉండాలి. చల్లబడితే అరచేతుల మధ్య కాసేపు పట్టుకోవాలి, మంట దగ్గర మాత్రం పెట్టొద్దు. బాగా ఊపి, స్పేసర్‌కు (ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య పెట్టుకునే ప్లాస్టిక్ గొట్టానికి) తగిలించి, ఒక్కసారి నొక్కి, మెల్లగా లోతుగా పీల్చి 10 సెకన్లు బిగబట్టాలి. రెండో పఫ్‌కు ముందు అర నిమిషం ఆగి మళ్లీ ఊపాలి. రెండు పఫ్‌లూ ఒకేసారి నొక్కితే మందు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది. స్పేసర్‌ను సబ్బునీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా ఆరనివ్వాలి. తుడిస్తే స్టాటిక్ కరెంటు పుట్టి మందును పట్టేసుకుంటుంది.

ఇంట్లోనూ జాగ్రత్త కావాలి. అటక మీంచి దింపిన బొంతలు, రగ్గుల నిండా దుమ్ము, కంటికి కనపడని పురుగులు. ఉతకగలిగినవి బాగా వేడినీళ్లలో ఉతకాలి, తక్కినవి ఎండలో వేసి వేరేవాళ్లతో దులిపించాలి. తలుపులన్నీ బిడాయించి దోమల కాయిల్ వెలిగించడం ఆస్తమావాళ్లున్న ఇంట్లో కూడని పని, దోమతెర మేలు. బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని పడుకోవడం అసలే వద్దు. దాని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

దమ్ము ముదిరితే చేయాల్సింది నా డాక్టర్ రాసిచ్చారు: నిటారుగా కూర్చుని, స్పేసర్‌తో ఒక్కొక్కటిగా 4 పఫ్‌లు, 20 నిమిషాలకు తెరిపి రాకపోతే మళ్లీ 4, వెంటనే ఆసుపత్రికి. మాట పూర్తి చేయలేకపోయినా, పెదాలు నీలంగా మారినా ఆ 20 నిమిషాలు చూడకుండా 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా పఫ్‌లు తీసుకుంటూనే ఉండాలి. ఇంకొకటి: డబ్బాలో మందు అయిపోయాక కూడా నొక్కితే గ్యాసు వస్తూనే ఉంటుంది. మిగిలిన పఫ్‌లు చూపే కౌంటర్ లేని ఇన్‌హేలరైతే మొదలుపెట్టిన తేదీ దాని మీద రాసుకుని, 200 పఫ్‌లకు లెక్క చూసుకుని ముందే కొత్తది తెచ్చుకోవాలి.