గుణదల కొండకు పెదనాన్నతో

ఫిబ్రవరి 10 సాయంత్రం ఎండ తగ్గాక గుంటూరులో బయలుదేరితే, తెల్లారేసరికి నడుచుకుంటూ విజయవాడలోని గుణదల మేరీమాత కొండకు చేరొచ్చు. 40 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కాజ దాటేసరికి కాళ్లు మొరాయిస్తాయి. మంగళగిరిలో టీ తాగితే కాస్త దారికొస్తాయి. వారధి మీద కృష్ణమ్మ గాలి తగిలాక ఇక నొప్పి గురించి ఎవరూ మాట్లాడరు. ఆడవాళ్లు జపమాల చెప్పుకుంటూ ముందు, మగవాళ్లు వెనక. అందరికంటే వెనక మా పెదనాన్న.

ఆయనది మిర్చి కమీషన్ కొట్టు. రైతు టిక్కీ (మిర్చి బస్తా) దించగానే పైనున్న కాయ విరిచి చూసి, మంచి సరుకును కూడా తాలు, అంటే నాసి కాయ, కలిసిందనేవాడు. మచ్చు చూడాలని కొంత, తూకంలో తరుగు కింద కొంత పోయేది. ఎదురు మాట్లాడితే ‘నీ సరుకు నువ్వే తోలుకుపో’ అనేవాడు. బండి కిరాయి పెట్టుకుని వచ్చినవాడు ఎక్కడికి తోలుకుపోతాడు? అదే మనిషి ఏటా గుణదల తిరునాళ్లకు వచ్చి తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి, కన్నీళ్లు పెట్టుకుని మరీ పాడేవాడు. మర్నాడు కొట్లో తరుగు మామూలే. కొండెక్కినంత మాత్రాన మనిషి మారతాడంటే అందుకే నేను నమ్మను.

మార్పు, మా స్వాముల (ఫాదర్ల) ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం దగ్గర మొదలైందని ఆయనే ఓ రాత్రి నడకలో చెప్పాడు. స్వాములు అక్కడ విన్నది ప్రాణం పోయినా బయటపెట్టరు కాబట్టి, ఆయన నోరు విప్పకపోతే మాకు తెలిసేదే కాదు. ఏటా ఒక పరలోక జపం, మూడు మంగళవార్త జపాలు ప్రాయశ్చిత్తంగా ఇచ్చి పంపేవారట. ఆ ఏడు కూర్చున్న ముసలి స్వామి మాత్రం, ‘తీసుకున్నది తిరిగిచ్చావా?’ అన్నారట. ‘లేదు’ అన్నాడట ఈయన. ‘ఇవ్వాలని ఉందా?’ అన్నారట. దానికి సమాధానం చెప్పలేక మండిపడుతూ లేచొచ్చేశాడు. రెండేళ్లపాటు ఆ వైపుకే వెళ్లలేదు.

లూకా సువార్తలో జక్కయ్య ఉన్నాడే, పన్నులు వసూలు చేసే సుంకరి, ప్రభువు ఇంటికొచ్చిన రోజే లేచి నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. మా పెదనాన్నకు అసలు ఇవ్వడానికే ఏళ్లు పట్టింది. నాలుగంతల మాట ఆయన దగ్గర ఎత్తే ధైర్యం మాకెవరికీ లేదు.

ముందు తాలు పేరు చెప్పి కోయడం మానేశాడు. చాన్నాళ్లకు అటక మీది చిట్టాలు దించి, పేర్లు ఓ నోటుబుక్కులో ఎక్కించాడు. ఆదివారం పూజ అయ్యాక బస్సెక్కి ఒక్కో ఊరే తిరిగేవాడు. ఒకాయన డబ్బు పుచ్చుకుని మజ్జిగ ఇచ్చాడు. ఇంకొకాయన, ‘అప్పుడే తెలుసు, నోరెత్తలేకపోయాం’ అన్నాడు. ఒకచోట రైతు చనిపోయాడు. ఆయన భార్య నోట్లు తెచ్చి వాకిట్లో విసిరేసింది. పెదనాన్న వంగి ఏరుకుని, మళ్లీ గడప మీద పెట్టి వచ్చాడు. ఆ ఒక్క సంగతి చెప్పేటప్పుడు మాత్రం గొంతు సరిగా రాదు.

కోపం మటుకు అంత త్వరగా పోలేదు. ‘ఆయన మారాడా పెద్దమ్మా?’ అని నడకలోనే అడిగాను. ‘కూరలో ఉప్పు తగ్గితే ఇప్పుడూ మొహం మాడ్చుకుంటాడు. కంచం మాత్రం విసరట్లేదు’ అంది. ఎవరి సాక్ష్యం కన్నా నాకు ఆవిడ లెక్కే గట్టిదనిపిస్తుంది.

ఫిబ్రవరి 11 లూర్దు మాత పండుగ. 1858లో అదే రోజున ఫ్రాన్సులోని లూర్దు దగ్గర గుహలో బెర్నదెత్ అనే పేదింటి పిల్లకు మరియమ్మ మొదటిసారి కనిపించిందని మా విశ్వాసం. ఇటలీ నుంచి వచ్చిన అర్లాటి స్వామి 1924లో ఈ కొండ మీద లూర్దు మాత స్వరూపాన్ని పెట్టించారు. ఇప్పుడు ఇది మా ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ల పండుగ మాత్రమే కాదు. బొట్టు పెట్టుకున్న తల్లులు కూడా కొబ్బరికాయలు, కొవ్వొత్తులు పట్టుకుని అదే వరసలో నిలబడతారు.

ఆ వరసలోనే ఓ కుర్రాడు పెదనాన్న కాలు తొక్కేశాడు. రాత్రంతా నడిచి బొబ్బలెక్కిన కాలు. ‘కళ్లు నెత్తికెక్కాయా!’ అని అరిచేశాడు. కుర్రాడు బిక్కచచ్చిపోయాడు. కాసేపటికి పెదనాన్న వాడి భుజం తట్టి, ‘పొద్దుట్నుంచి ఏమన్నా తిన్నావా?’ అని సంచిలోంచి అరటిపండు తీసిచ్చాడు. వాడు భయపడే తీసుకున్నాడు.

పైన సిలువ దాకా వెళ్లి దిగాక, నోటుబుక్కు తీసి చూపించాడు. చాలా పేర్లకు అడ్డగీతలున్నాయి. పల్నాడు వైపు పేరు ఒకటి మిగిలింది. రైతు లేడు, కొడుకు ఉన్నాడు.

‘వాడు వడ్డీ కూడా కట్టమంటున్నాడ్రా’ అన్నాడు.

‘ఎంత?’

‘నూటికి రెండు. నేను అప్పట్లో వాళ్ల నాన్న దగ్గర పట్టిన లెక్కే పట్టాడు.’

బస్టాండు దాకా అదే గొణుగుడు. అసలిస్తే చాలదా, స్వామి వడ్డీ మాటెత్తలేదు కదా అని నన్ను మూడుసార్లు అడిగాడు. మాచర్ల బస్సు కదులుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి, చేతిలో ఉన్నది సరిపోదని, ఓ రెండు వేలు సర్దమన్నాడు.