గడ్డి కోసే మోవర్ బ్లేడుకు పదును పెట్టాను, బోల్టు మాత్రం నా పరువు తీసింది

అరచేతులు ఇంకా మండుతున్నాయి. అయినా ఇవాళే రాసెయ్యాలి.

మాది డాలస్ పక్కన ఫ్రిస్కో. ఇంటి ముందు బెర్ముడా గడ్డి. కోసిన మర్నాటికల్లా కొసలు తెల్లబారి, ఆపైన ఎండిపోతున్నాయి. నీళ్లు పెట్టడం లేదని హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఉత్తరం పడేశారు. ఉత్తరాలు రాయడం వచ్చినంతగా వాళ్లకు గడ్డి సంగతి రాదు. వంగి చూస్తే కొసలు తెగలేదు, పీలికలయ్యాయి. బ్లేడు మొద్దుబారితే జరిగేది అదే. రిపేరు షాపువాడేమో సీజను కదా, రెండు వారాలు పడుతుందన్నాడు. ఈలోగా ఇంకో ఉత్తరం ఖాయం.

స్పార్క్ ప్లగ్ వైరు పీకాను (ఇది మర్చిపోతే చేతులు పోతాయి). ఎయిర్ ఫిల్టరు పైకి ఉండేలా మోవర్ని పక్కకు వాల్చి, బ్లేడు తిరక్కుండా చెక్క దిమ్మ అడ్డం పెట్టాను.

ఇక బ్లేడును పట్టి ఉంచే బోల్టు. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. తుప్పు వదిలించే ఆయిలు కొట్టి, ఆగి, మళ్లీ పానా పట్టాను. కాలు తన్నిపెట్టి వేలాడాను. కదల్లేదు. కుక్కను తిప్పుతున్న పక్కింటాయన ఆగి చూస్తున్నాడు. గుంటూరు నుంచి వచ్చిన మామయ్యగారు కాఫీ తాగుతూ కుర్చీలోంచి చూస్తున్నారు. ఆర్టీసీ డిపోలో బస్సు చక్రాలు విప్పి రిటైరైన మనిషి.

"బాబూ, దాన్ని బతిమాలితే రాదు. గొట్టం ముక్క ఏదన్నా ఉందా?"

ఆయిలు లోపలికి దిగాలి, తొందరపడకూడదు, వీడియోలో చెప్పారు అని వివరించాను. అంతా విన్నారు. లేచి గ్యారేజీలోంచి ఇనప పైపు తెచ్చి, పానా పిడికి తొడిగి, ఒంటి చేత్తో నొక్కారు. టక్కుమని వచ్చేసింది. పక్కింటాయన చప్పట్లు! సాయంత్రం అత్తయ్యగారికి ఫోన్లో, స్పీకరు పెట్టి మరీ: "అల్లుడిగారికి చదువు బాగానే ఉందిలే."

నేను కొట్టిన ఆయిలు అప్పటికే పనిచేసిందని నా గట్టి నమ్మకం.

పదును పెట్టింది మాత్రం అచ్చంగా నేనే. బ్లేడును వైస్‌లో (కదలకుండా పట్టుకునే బిగింపు పనిముట్టు) బిగించి, ముందున్న ఏటవాలునే పట్టుకుని, ఆకురాయితో ఒకే వైపు తోశాను. సుమారు 30 డిగ్రీలు. గడ్డం గీసుకునేంత పదును అక్కర్లేదు, త్వరగా చిట్లుతుంది. గ్రైండరు ఇస్తానని పక్కింటాయన అన్నాడు, వద్దన్నాను. వేడికి ఉక్కు నీలంగా మారితే గట్టిదనం పోతుంది. తర్వాత గోడకు కొట్టిన మేకుకు బ్లేడు నడిమి బెజ్జం తగిలించాలి. ఏ వైపు కిందికి వాలితే ఆ వైపు ఇంకాస్త అరగదియ్యాలి. ఇది వదిలేస్తే మోవర్ వణికి ఇంజను షాఫ్టుకే దెబ్బ. మామయ్యగారు అంచును వేలితో తడిమి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే బాగున్నట్టే.

బోల్టు మాన్యువల్లో రాసిన టార్కుకే (ఎంత బలంతో తిప్పమన్నారో అంతకే) బిగించాను. ఆ పైపు దాచేశాను.