ఓడిపోవడం రాని పిల్లలు

మాది కందుకూరు దగ్గర పల్లెలో మండల పరిషత్ బడి. రెండో తరగతి నాది. పిల్లలకి ఎక్కాలు వస్తున్నాయి, ఓడిపోవడమే రావడం లేదు. మొన్న ఇంటర్వెల్లో ఏడుపెంకులాట ఆడుతుంటే ఒకడికి బంతి తగిలి అవుటయ్యాడు. పెంకులన్నీ కాలితో తన్నేసి, "సార్, మళ్ళీ మొదట్నించి పెట్టండి" అని నా మీదికొచ్చాడు. వాడి జట్టువాడే పాపం, సగం చిక్కీ విరిచి చేతిలో పెట్టబోతే విసిరికొట్టాడు. ఆ పిల్లాడి మొహం చిన్నబోయింది. వీడు అటు చూడనే లేదు. పెంకులు తన్నినందుకు కాదు, ఆ చూడకపోవడానికే నాకు బాధేసింది.

మర్నాడు వాళ్ళమ్మ పనికి పోతా బడి దగ్గర ఆగింది. పొగాకు గ్రేడింగ్‌కి పోయి పొద్దుగూకినాక ఇల్లు చేరే మనిషి. "ఏడిస్తే ఫోనిస్తాం సార్, ఇంకేం చేసేది? మా అత్తకి వాడి వెనక తిరిగే ఓపిక యాడుంది?" అంది. ఏమంటాం? పైగా ఆ ఫోన్ లాక్ తీయడం నానమ్మకి రాదు, మనవడికే వచ్చు.

5 నుంచి 10 ఏళ్ళ వాళ్ళకి ఫోన్, టీవీ లాంటి స్క్రీన్లు రోజుకి 2 గంటల లోపే అని పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్తుంది. మంచిదే గానీ, ఆ ఇంట్లో గడియారం చూసేదెవరు? నా గొడవ గంటలతో కాదు, ఫోన్ ఏ వేళప్పుడు చేతికొస్తుందనేదే. మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలు 422 మంది సంగతి కొన్ని నెలలపాటు కనుక్కుని 2022లో ప్రచురించారు. ఊరుకోబెట్టడానికి తరచూ ఫోనిచ్చిన పిల్లల్లో చిన్నదానికే ఉడుక్కోవడం ఎక్కువ కనపడిందట, మగపిల్లల్లో మరీ. మా వాడికి ఏడేళ్ళు. అయినా అలవాటు పడింది ఆ వయసులోనే కదా. ఏడుపు దానంతటదే తగ్గుతుందని వాడికి తెలిసే సందు ఇంతవరకు దొరకలేదు.

అందుకే ఫోన్ మానిపించమని అనలేదు. ఏడుస్తున్నప్పుడు, అలిగినప్పుడు మాత్రం ఇవ్వొద్దమ్మా అన్నాను. కాసేపు ఏడవనీండి, ముక్కు తుడుచుకుని ఎందుకేడ్చాడో నానమ్మకి చెప్పినాక కావాలంటే ఇవ్వండి.

"అట్టాగే సార్. వాళ్ళ నాయనకి కూడా మీరే చెప్పండి, అన్నం కాడ కూడా ఫోన్ దించడు" అంది.

ఈసారి మీటింగ్‌కి మీరే రండి అని ఆయనకి వాట్సాప్‌లో పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు.