కొండ కుడిపక్కన

సత్యానికి దారే లేదని చెప్పిన మనిషి పుట్టిన ఊరు మాది. ఆ ఊరి నుంచి అరుణాచలం బయల్దేరాం, కొండ చుట్టూ 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ దారి నడవడానికి, నేనూ మా బావమరిదీ.

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1929 ఆగస్టులో, హాలెండులోని ఓమెన్ శిబిరంలో, తన కోసమే పెట్టిన సంఘాన్ని తానే రద్దు చేశాడు. సత్యం దగ్గరికి ఏ దారీ లేదని, ఏ మతమూ ఎవర్నీ అక్కడికి చేర్చలేదని చెప్పింది ఆ రోజే. ఆ మాట చెప్పడానికి 1986లో పోయేదాకా దేశాలు పట్టుకుని తిరిగాడనుకోండి, అది వేరే సంగతి. నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. ఆయన మాట నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. పద్ధతి లేకుండా జవాబు ఎలా వస్తుంది? వచ్చినా, అది సరైనదని ఎవరు చెప్పాలి?

మా బావమరిదికి ఈ గొడవేమీ లేదు. వాడికి పద్ధతంటే ప్రాణం. మాఘ పౌర్ణమికి అరుణాచలం పోదామని అనుకున్న రోజు నుంచే చిన్న నోట్‌బుక్‌లో రూల్సన్నీ రాసుకున్నాడు. చెప్పులు వేసుకోకూడదు. కొండ కుడిచేతి వైపు ఉండాలి, మనం మాత్రం రోడ్డుకు ఎడమపక్కనే నడవాలి, కొండవైపు సిద్ధులు నడుస్తుంటారట. నెలలు నిండిన రాణిలా నెమ్మదిగా అడుగు వెయ్యాలి. కొండ చుట్టూ దారిలో ఉన్న ఎనిమిది లింగాల్లో ఒక్కటి కూడా వదలకూడదు. చిత్తూరు, వేలూరు మీదుగా బస్సులో పోతున్నంతసేపూ నా చేత అప్పజెప్పించుకున్నాడు.

"బావా, యమలింగం తర్వాత?"

"నైరుతి."

"కరెక్ట్."

రిటైరయ్యాక ఇలా నాకే ఓరల్ టెస్టు పెడతారని అనుకోలేదు.

రాత్రి తొమ్మిదికి రాజగోపురం దగ్గర కర్పూరం వెలిగించి మొదలుపెట్టాం. ఇంద్రలింగం దగ్గర ఎంత జనమంటే, మనం నడవక్కర్లేదు, వాళ్ళే తోసుకుపోతారు. చెవిన పడేదంతా తెలుగే. కాఫీ కొట్ల మీద కూడా తెలుగు బోర్డులే. చెంగం రోడ్డు ఎక్కాం, రమణాశ్రమం దాటాం, యమలింగానికి దణ్ణం పెట్టుకున్నాం. అక్కడ కుడికి తిరిగితే వాహనాల రొద తగ్గి, చెట్ల మధ్య నుంచి కొండ కనపడుతుంది. వెన్నెల్లో అది కొండలా లేదు, ఎవరో వీపు తిప్పుకుని కూర్చున్నట్టుంది.

నైరుతి లింగం దగ్గర మావాడు నోట్‌బుక్ తీసి టిక్కులు పెట్టుకోబోయి ఆగిపోయాడు.

"బావా, అగ్నిలింగం చూశామా?"

చూడలేదు. అది రోడ్డు మీద ఉండదు, పక్క సందులోకి పోవాలి. జనం తోపులో దాటేశాం. వాడి మొహం చూడాలి. వెనక్కి పోదామన్నాడు. నేను లెక్కల మేష్టారి బుద్ధి చూపించాను. "వెనక్కి నడిస్తే కొండ ఎడమచేతి వైపుకు వస్తుంది కదరా, నీ రెండో రూలు పోతుంది." పాపం, నోట్‌బుక్‌లో దానికి జవాబు లేదు. రోడ్డు పక్కనే కూలబడ్డాడు. అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది.

మా పక్కన ఒక ముసలావిడ అరికాళ్ళు ఒత్తుకుంటూ కూర్చుని ఉంది. మాటలో నెల్లూరు యాస. మా వాదన కాసేపు విని, మజ్జిగ ప్యాకెట్ ఒకటి వాడి చేతిలో పెట్టింది.

"పెద్దమ్మా, నువ్వు అన్ని లింగాలూ చూశావా?" అని అడిగాడు వాడు.

"అన్నెక్కడ చూస్తాను నాయనా, కళ్ళు సరిగా కనపడవు. కొండ కుడిపక్కన ఉందా లేదా, అంతే చూసుకుంటా."

"ఇది ఎన్నోసారి?"

"లెక్కెవరు పెట్టారు?"

ఆవిడ లేచి వెళ్ళిపోయింది. మేమూ లేచాం, ముందుకే. వరుణలింగం దాటేసరికి నా ఎడమకాలి బొటనవేలి కింద బొబ్బ లేచింది. కుబేరలింగం దగ్గరి రద్దీ గురించి చెప్పను, వెళ్ళినవాళ్ళకు తెలుసు. ఈశాన్యలింగం చేరేసరికి తెల్లవారుజాము మూడున్నర.

మర్నాడు కుంటుకుంటూనే ఆశ్రమం వెనక రాళ్ళ దారి పట్టుకుని స్కందాశ్రమం ఎక్కి, అక్కడి నుంచి విరూపాక్ష గుహకు దిగాం. నేను వచ్చింది దీనికోసమే. రమణ మహర్షి 1899 నుంచి 1916 దాకా ఉన్న గుహ. తల వంచి లోపలికి పోతే మొదట ఏమీ కనపడదు. ఒకే దీపం. విరూపాక్షదేవుడనే పాతకాలపు సాధువు సమాధి దిబ్బ ముందు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. గాలి ఆడదు, వెచ్చగా ఉంటుంది, మన ఊపిరి మనకే వినిపిస్తుంది.

1907 నవంబరు 18న ఈ గుహకే మన కావ్యకంఠ గణపతిముని ఎక్కి వచ్చాడు. బొబ్బిలి దగ్గర కలువరాయి ఆయన ఊరు. నవద్వీపంలో పండితుల్ని మెప్పించి బిరుదు తెచ్చుకున్నవాడు, ఏళ్ళ తరబడి మంత్రజపం చేసినవాడు. తనకన్నా ఏడాది చిన్నవాడైన ఒక మౌనస్వామి కాళ్ళ మీద పడి, చదవాల్సిందంతా చదివాను, జపం చేశాను, అయినా తపస్సంటే ఏమిటో తెలియలేదన్నాడు. స్వామి పావుగంట సేపు ఊరికే చూస్తూ కూర్చుని, తర్వాత అరవంలో రెండు ముక్కలు చెప్పాడు. 'నేను' అనేది ఎక్కడి నుంచి పుడుతోందో చూస్తే మనసు అక్కడే లీనమవుతుంది, అదే తపస్సు. మంత్రం జపిస్తుంటే ఆ ధ్వని ఎక్కడి నుంచి వస్తోందో చూడు, అదీ అంతే. ఆ స్వామికి భగవాన్ రమణ మహర్షి అని పేరు పెట్టింది ఈ గణపతిమునే.

నేనైతే ఈ ఇద్దరి పేపర్లూ ఎలా దిద్దేవాణ్ణో! స్టెప్పులన్నీ రాసి జవాబు దగ్గర ఖాళీ వదిలేసినవాడు ఒకడు. రెండోవాడిది జవాబు తప్ప ఏమీ లేదు. 1896లో మదురైలో, పదహారేళ్ళ వయసులో, జబ్బేమీ లేకుండానే రమణుల్ని చావు భయం పట్టుకుంటే, శవంలా బిగుసుకుని పడుకుని, ఇప్పుడు పోయింది ఏమిటి, ఉన్నది ఏమిటి అని చూశాడట. గురువు లేడు, పుస్తకం లేదు. దాన్ని ప్రయోగం అనకుండా ఉండలేను, కానీ ఎవరూ నేర్పని ప్రయోగం. ఆరు వారాల తర్వాత, వ్యాకరణ పాఠం మూడుసార్లు రాయమని స్కూల్లో పనిష్మెంట్ ఇస్తే, రెండుసార్లు రాసి పుస్తకం మూసేశాడు. అన్న ఫీజు డబ్బు ఐదు రూపాయల్లో మూడు తీసుకుని, చీటీ రాసి పెట్టి, ఇక్కడికి వచ్చేశాడు. అలాంటివాడు, అడిగినవాళ్ళకు మాత్రం ఒక పద్ధతి చెప్పాడు. కృష్ణమూర్తి అదీ చెప్పనన్నాడు.

ఆ చీకట్లో నాకు గుర్తొచ్చింది వీళ్ళెవరూ కాదు, పదో తరగతి పిల్లాడొకడు. వర్గ సమీకరణం ఇస్తే మూలాలు రెండూ రాసి ఇచ్చేశాడు. పైన ఏమీ లేదు. నాలుగు మార్కులకు ఒకటి వేసి, కాపీ కొట్టావా అని క్లాసులో నిలబెట్టాను. ముందు బెంచీలో ఒక్కడే కూర్చున్నాడు, ఎవర్ని చూసి కొడతాడు? ఇంకో లెక్క ఇచ్చాను. అదీ అంతే, జవాబు ఒక్కటే, సరైనదే. స్టెప్పులు రాస్తే తప్ప మార్కులు రావని చెప్పి పంపేశాను. ఎలా వచ్చిందిరా నీకు అని మాత్రం అడగలేదు. అడిగినా వాడు చెప్పగలిగేవాడో లేదో.

మావాడి ఫోన్లో అలారం మోగింది. ధ్యానానికి ఇరవై నిమిషాలని ముందే పెట్టుకున్నాడు. అందరూ తల తిప్పి చూశారు. వాడు ఫోన్ నొక్కుకుంటూ బయటికి పరుగెత్తాడు. కాసేపాగి నేనూ వచ్చాను. కింద పెద్దగుడి గోపురాలు, వాటి చుట్టూ ఊరు ఎండలో తెల్లగా పరుచుకుని ఉంది.

"లోపల ఏమైనా అనిపించిందా బావా?"

"కాసేపు నిద్రొచ్చింది. నీకు?"

"నాకూ అంతే" అన్నాడు, నోట్‌బుక్ బయటికి తియ్యకుండానే. మెట్లు దిగుతూ అగ్నిలింగం ఎటువైపో ఎవర్నో అడిగాడు.