పాత బండి ముందు చక్రాలు తిరగనప్పుడు

గల్ఫ్ ఎడారిలోని పని క్యాంపులకు నీళ్లు, డీజిల్, పనిముట్లు మోసే పాత పికప్‌లను మరమ్మతు చేయడం నా ఉద్యోగం. ఎలక్ట్రానిక్స్ పెద్దగా లేని కాలపు బండ్లు ఇవి. ఫోర్ వీల్ వేయడానికి, అంటే ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందేలా చేయడానికి, గేర్ లివర్ పక్కన మరో చిన్న లివర్, ముందు చక్రాల మధ్యలో చక్రాన్ని దాని షాఫ్టుతో కలిపే, చేత్తో తిప్పే లాకింగ్ హబ్‌లు ఉంటాయి. బండి వర్క్‌షాపుకు వచ్చినప్పుడు డ్రైవరు చెప్పేది దాదాపు ఎప్పుడూ ఒకటే: ఫోర్ వీల్ పనిచేయడం లేదు. ఆ ఒక్క మాట వెనుక కనీసం నాలుగు జబ్బులుంటాయి. లివర్ పడకపోవచ్చు, పడినా ముందు చక్రాలకు బలం అందకపోవచ్చు, అందిన బలం ఎత్తు ఎక్కుతుండగా జారిపోవచ్చు, లేదా పడిన లివర్ మళ్లీ వెనక్కి రాకపోవచ్చు. ఒక్కోదానికి వెతకవలసిన చోటు వేరు.

అందువల్ల పానా పట్టుకునే ముందే డ్రైవరుతో మాట్లాడాలి. ఇక్కడ డ్రైవర్లలో పఠాన్లు, బెంగాలీలు, నేపాలీలు, మనవాళ్లు అందరూ ఉంటారు. మా మధ్య నడిచేది అరకొర హిందీ. అయితే నిజం బయటికి రాకపోవడానికి కారణం భాష కాదు, భయం. బండి పాడైందంటే నిర్లక్ష్యం కింద రాసి జీతంలో కోత పెడతారేమోనని ప్రతి డ్రైవరూ భయపడతాడు, ఆ భయానికి ఆధారం ఉంది. ‘తారురోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడిపావా?’ అని సూటిగా అడిగితే లేదనే అంటాడు. ‘ఇసుక దాటాక లివర్ ఎక్కడ వెనక్కి తీశావు భాయ్?’ అని అడిగితే జరిగినదంతా చెబుతాడు. అందుకే నేను ఎప్పుడూ రెండో విధంగానే అడుగుతాను.

ఆ ప్రశ్న ఎందుకు ముఖ్యమంటే, ఈ పాత బండ్లలో ముందు, వెనుక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్, అంటే రెండు వైపులూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, ఉండదు. ఫోర్ వీల్ వేయగానే ముందు, వెనుక ఇరుసులకు బలం మోసే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ ఒకే వేగంతో తిరగక తప్పదు. మలుపులో మాత్రం ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. ఇసుకలో చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది, గట్టి తారురోడ్డు మీద జారడానికి వీలులేక ఆ ఒత్తిడంతా షాఫ్టుల్లో, బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పళ్ల మీద పేరుకుపోయి లివర్ బిగుసుకుంటుంది. అప్పుడు లివర్‌ను సుత్తితో కొట్టేవాళ్లను చూశాను, అది తప్పు. స్టీరింగ్ తిన్నగా పెట్టి బండిని కొన్ని మీటర్లు రివర్స్‌లో నడిపితే చాలాసార్లు లివర్ దానంతటదే వదులవుతుంది.

ఇసుకలో కూడా ప్రతిసారీ బిగుసుకుంటుంటే, మొదట టైర్లు చూడాలి. ముందు కొత్తవి, వెనుక అరిగినవి ఉంటే వాటి చుట్టుకొలతలో ఉన్న తేడాయే ఈ ఒత్తిడికి కారణం కావచ్చు. ఆ తర్వాత అనుమానించవలసింది ఒక్కో ఇరుసు లోపల ఉండే డిఫరెన్షియల్ నిష్పత్తిని, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్కని. తుక్కులో నుంచి తెచ్చిన ఇరుసు ముందు వైపు బిగించి, దాని నిష్పత్తి 4.1, వెనుకది 3.9 అయితే ఆ బండి ఫోర్ వీల్‌లో తనతో తానే పెనుగులాడుతుంది. దీన్ని విప్పకుండానే కనిపెట్టవచ్చు. రెండు హబ్‌లూ లాక్ చేసి, లివర్ టూ వీల్‌లో ఉంచి, ఒక ముందు చక్రాన్ని మాత్రమే జాకీ మీద లేపి సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి. రెండో చక్రం కదలదు కాబట్టి, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే నిష్పత్తి. షాఫ్ట్ మీద సుద్దముక్కతో ఒక గీత గీస్తే లెక్క తప్పదు. వెనుక డిఫరెన్షియల్ మామూలు రకమైతే, ముందు చక్రాలకు అడ్డు పెట్టి, గేర్ న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ వదిలి అక్కడా ఇలాగే చూడవచ్చు.

ఇక చక్రాలకు బలం అందని జబ్బు సంగతి. డ్యాష్‌బోర్డు మీద ఫోర్ వీల్ లైటు వెలిగింది కాబట్టి ట్రాన్స్‌ఫర్ కేసు బాగుందని, వెలగలేదు కాబట్టి పోయిందని తేల్చేయడం ఇక్కడ మామూలు. ఆ లైటు ఒక చిన్న స్విచ్ చెప్పే మాట మాత్రమే. ట్రాన్స్‌ఫర్ కేసు లోపల గేరును జరిపే ఫోర్క్ కదిలిందో లేదో దానికి తెలుస్తుంది, హబ్ పట్టిందో లేదో తెలియదు. స్విచ్ తీగ తెగినా లైటు వెలగదు. కాబట్టి నేను చక్రం దగ్గర మొదలుపెట్టి లోపలికి వెళతాను. వెనుక చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, టూ వీల్‌లో ఒక ముందు చక్రం లేపి, హబ్ లాక్ చేసి చేత్తో తిప్పుతాను. చక్రం వెనకాల ఉన్న డ్రైవ్ షాఫ్ట్ దాంతోపాటు తిరగాలి. తిరగకపోతే లోపం హబ్‌దే. అటువైపు కూడా ఇలాగే చూడాలి, ఎందుకంటే మామూలు డిఫరెన్షియల్‌లో ఒక్క హబ్ పట్టకపోయినా బలమంతా ఆ ఖాళీ షాఫ్టును తిప్పడానికే పోయి, బాగున్న రెండో చక్రానికి కూడా ఏమీ అందదు. ఈ ఒక్క విషయం తెలియక మంచి ట్రాన్స్‌ఫర్ కేసులు విప్పేశారు.

రెండు హబ్‌లూ బాగున్నాయని తేలాక, రెండింటినీ లాక్‌లోనే ఉంచి, ఒక ముందు చక్రం లేపి ఉండగానే లివర్ ఫోర్ వీల్‌లోకి వేయాలి. ఇప్పుడు లేపిన చక్రం కొద్దిపాటి ఆట తప్ప తిరగకూడదు. హాయిగా తిరిగితే, బండి కింద ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ వైపు చూడండి. అదీ తిరుగుతుంటే లివర్ నుంచి ట్రాన్స్‌ఫర్ కేసు వరకు ఎక్కడో పట్టు తప్పింది. చాలాసార్లు అది కేసు బయటే దొరుకుతుంది. లివర్ కింద లింకేజీలోని ప్లాస్టిక్ బుష్ అరిగిపోతే లివర్ పూర్తిగా పడినట్టు కనిపించినా లోపల పళ్లు సగమే కలుస్తాయి. ఎత్తు ఎక్కుతుండగా జారిపోయే జబ్బుకు నేను మొదట చూసేది ఈ బుష్‌నే. వాక్యూమ్‌తో పనిచేసే రకాల్లో రబ్బరు గొట్టాలు వేడికి ఎండి పగుళ్లిస్తాయి. ఇంజిన్ నడుస్తుండగా గొట్టం విప్పి కొసన వేలు పెడితే పీల్పు ఉందో లేదో తెలిసిపోతుంది.

హబ్ విప్పితే లోపల కనిపించేది సాధారణంగా ఇసుక కలిసి గట్టిపడిన గ్రీజు. స్ప్రింగ్ దాన్ని తోయలేక, హబ్‌ను లాక్ చేసే రింగు సగంలో ఆగిపోతుంది. కిరోసిన్‌తో కడిగి, ఆరనిచ్చి, పలుచగా మాత్రమే గ్రీజు పూయాలి. దట్టంగా కూరితే అదే జబ్బు మళ్లీ వస్తుంది.

ఆయిల్ చూడకుండా బండి పంపకూడదు. ఇరుసు ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయని అర్థం. డ్రైవరు బండిని నీళ్లలో ముంచాడని వెంటనే రాసేస్తారు. నేను మొదట ఇరుసు మీద ఉండే, లోపలి గాలి వచ్చిపోయే బ్రీదర్ గొట్టం చూస్తాను. అది దుమ్ముతో మూసుకుపోతే, వేడెక్కిన ఇరుసు కాసిన్ని నీళ్లు తగిలి చల్లబడగానే లోపలి గాలి కుంచించుకుపోయి సీలు గుండా నీళ్లను లాక్కుంటుంది. మూసుకుపోయిన గొట్టం సర్వీసులో జరిగిన లోపం, డ్రైవరు తప్పు కాదు.

వేసవిలో మధ్యాహ్నం ఆరుబయట పనిపై నిషేధం ఉంటుంది కాబట్టి ఇసుకలో పరీక్ష తెల్లవారుజామునే పెట్టుకుంటాం. డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకుని, హబ్ లాక్ చేయడం, లివర్ వేయడం, తారురోడ్డు ఎక్కకముందే తీసేయడం అతనిచేతే చేయిస్తాను. ఆ తర్వాత జాబ్ కార్డులో ‘ఫోర్ వీల్ రిపేరు’ అని ఒక్క ముక్కలో ముగించను. ఏ పరీక్షలో ఏది తిరిగింది, ఏది తిరగలేదు, ఏ భాగం అరిగింది, బ్రీదర్ ఏ స్థితిలో ఉంది అన్నవన్నీ రాసి, అరిగిన బుష్‌ను కార్డుకు కట్టి సూపర్‌వైజరు బల్ల మీద పెడతాను. దాన్ని చూసిన తర్వాతే జీతం కోత మాట ఎత్తాలని ఆయనకు ముందే చెప్పి ఉంచాను.